ఒకే టెస్టు, 11 వికెట్లు: మారియట్‌ని మళ్లీ ఎందుకు ఆడించలేదు?

మీరు అడిగింది ఇదీ: పాత రికార్డులు చూస్తుంటే 1933లో సి.ఎస్. మారియట్ అనే లెగ్ స్పిన్నర్ ఇంగ్లండ్ తరఫున ఒకే ఒక్క టెస్టు ఆడి, 96 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడని కనిపించింది. ఆ తర్వాత ఒక్క టెస్టు కూడా లేదు. ఎందుకని? అతను అమెచ్యూర్ అట, అంటే సరదాకి ఆడేవాడికి ఆ రోజు అదృష్టం కలిసొచ్చిందనుకోవాలా? అలాంటి బౌలర్లు ఇంకెవరైనా ఉన్నారా?

ముందు ఆ అదృష్టం సంగతి తేల్చేద్దాం. మారియట్ ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 159 మ్యాచ్‌లు ఆడి 711 వికెట్లు తీశాడు, సగటు 20.11, అంటే వికెట్‌కి ఇచ్చిన పరుగులు. అదృష్టం ఒక మధ్యాహ్నం కలిసొస్తుంది, దాదాపు రెండు దశాబ్దాల పాటు కలిసిరాదు. నేను లీగ్ క్రికెట్‌లో లెగ్ స్పిన్ వేసినవాణ్ణి, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. 20 సగటుతో 700 వికెట్లంటే ఏమిటో ఈ పని చేసినవాళ్లకి బాగా తెలుస్తుంది. మళ్లీ ఎందుకు ఆడలేదంటే మూడు కారణాలు చెప్పొచ్చు: బడి క్యాలెండర్, వయసు, హెడ్లీ వెరిటీ అనే ఇంకో స్పిన్నర్. వీటిలో క్యాలెండర్‌దే పెద్ద పాత్ర. అది అర్థం కావాలంటే ముందు అప్పటి ఇంగ్లిష్ క్రికెట్ ఎలా నడిచేదో కొంచెం చెప్పాలి.

అప్పట్లో కౌంటీ (ఇంగ్లండ్‌లో జిల్లా లాంటిది) జట్టులో రెండు రకాల ఆటగాళ్లు ఉండేవాళ్లు. ప్రొఫెషనల్‌కి ఆటే ఉద్యోగం, జీతం తీసుకుని సీజన్ అంతా ఆడేవాడు. అమెచ్యూర్‌కి జీతం ఉండదు, దారి ఖర్చులు, బస ఖర్చులు మాత్రం ఇచ్చేవాళ్లు. చాలా మైదానాల్లో ఇద్దరికీ డ్రెస్సింగ్ రూములు వేరు, మైదానంలోకి వచ్చే గేట్లు కూడా వేరు. స్కోర్‌కార్డులో అమెచ్యూర్ పేరు ముందు ఇనీషియల్స్ వేసేవాళ్లు, ప్రొఫెషనల్‌కి ఇంటిపేరు వేసి ఇనీషియల్స్ వెనక పెట్టేవాళ్లు, లేదా అసలు వేసేవాళ్లే కాదు. కెప్టెన్ దాదాపు ఎప్పుడూ అమెచ్యూరే. ప్రొఫెషనల్‌గా ఆడిన వాలీ హామండ్ 1938లో అమెచ్యూర్‌గా మారాకే ఇంగ్లండ్ కెప్టెన్ అయ్యాడు. 1962 సీజన్ తర్వాత గానీ ఈ విభజన రద్దు కాలేదు.

అంటే అది ఆటగాడి స్థాయిని బట్టి చేసిన విభజన కాదు. పుట్టుక, చదువు, డబ్బు చూసి గీసిన గీత. నా దృష్టిలో అన్యాయమైన గీత. దానివల్ల ఎక్కువ నష్టపోయింది ప్రొఫెషనల్స్. కానీ గీతకి అవతలి వైపు ఉన్నారు కాబట్టి అమెచ్యూర్లు ఆటని తేలిగ్గా తీసుకున్నారనుకుంటే పొరపాటు.

ఇంకో సంగతి. అమెచ్యూర్లలో బ్యాట్స్‌మెన్ ఎక్కువ, బౌలర్లు తక్కువ. రోజుకి పాతిక, ముప్ఫై ఓవర్లు, వారానికి ఆరు రోజులు, మే నుంచి సెప్టెంబర్ దాకా వేయడమంటే ఒళ్లు హూనమయ్యే పని. ఆ బరువంతా ఎక్కువగా ప్రొఫెషనల్స్ మీదే పడేది. అందుకే ఆ రోజుల్లో పేరున్న అమెచ్యూర్ బౌలర్ కనిపిస్తే నేను మొదట చూసేది అతను ఏ నెలల్లో ఆడాడన్నది.

మారియట్ 1895 సెప్టెంబర్‌లో స్టాక్‌పోర్ట్ దగ్గర హీటన్ మూర్‌లో పుట్టాడు. చదువు ఐర్లండ్‌లో, డబ్లిన్ దగ్గరి సెయింట్ కొలంబాస్ కాలేజీలో. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక కేంబ్రిడ్జ్‌లో చేరి 1920, 1921లో యూనివర్సిటీ జట్టుకి ఆడాడు. 1919 నుంచి 1921 వరకు లాంకషైర్‌కి కొన్ని మ్యాచ్‌లు ఆడాడు. తర్వాత దక్షిణ లండన్‌లోని డల్విచ్ కాలేజీలో టీచరయ్యాడు. పేరుకి కాలేజీ అయినా అది హైస్కూలే. 1924 నుంచి 1937 వరకు అతని కౌంటీ కెంట్. తోటివాళ్లు అతన్ని ‘ఫాదర్’ అని పిలిచేవాళ్లు, ఇప్పటికీ క్రికెట్ పుస్తకాల్లో ఫాదర్ మారియట్ అనే ఉంటుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. బడి టీచర్‌కి జూలై చివర్లో గానీ వేసవి సెలవులు రావు. కౌంటీ సీజన్ అప్పటికి సగం దాటిపోతుంది. కాబట్టి మారియట్ కెంట్‌కి ఆడింది ప్రధానంగా ఆగస్టులోనే. కాంటర్‌బరీలో కెంట్ జరిపే క్రికెట్ వారోత్సవం కూడా ఆగస్టు మొదట్లోనే జరిగేది. బౌండరీ లోపలే ఒక పెద్ద చెట్టున్న ఆ సెయింట్ లారెన్స్ మైదానానికి కెంట్ జనం కుటుంబాలతో సహా వచ్చేవాళ్లు. ఆ సమయానికి మారియట్ జట్టులో ఉండేవాడు. మొత్తం 159 మ్యాచ్‌లని 20 సీజన్లకి పంచితే ఏడాదికి ఎనిమిది మ్యాచ్‌లు. అప్పటి ప్రొఫెషనల్ ఒక సీజన్‌లో ముప్ఫై ఆడేవాడు.

ఈ ఆగస్టు సంగతిని రెండు వైపుల నుంచీ చూడాలి. ఒకవైపు అతనికి అది లాభమే. ఇంగ్లండ్‌లో మే నెలలో పిచ్ తడిగా, నెమ్మదిగా ఉంటుంది, చలికి వేళ్లు బిగుసుకుపోతాయి. లెగ్ స్పిన్నర్‌కి బంతి చేతిలో సరిగా ఇమడదు. ఆగస్టుకి పిచ్‌లు ఎండి గట్టిపడతాయి, బంతి లేస్తుంది, తిరుగుతుంది. పైగా అతను అప్పటికి అలిసిపోయి ఉండడు. లెగ్ బ్రేక్‌లో, అంటే లెగ్ స్పిన్నర్ మామూలుగా వేసే బంతిలో, దాన్ని తిప్పేది ఉంగరపు వేలు. సీమ్ ఒరుసుకుని ఒరుసుకుని ఆ వేలి మీద చర్మం లేచిపోతుంది. లేచిన చోట మళ్లీ బంతి పట్టుకుంటే మంట, మంట పుట్టగానే తెలియకుండానే పట్టు వదులవుతుంది, పట్టు వదులైతే బంతి తిరగదు. సీజన్ చివర్లో వచ్చే బౌలర్‌కి ఈ బాధ తక్కువ. కాబట్టి అతని 20.11 సగటుని సీజన్ అంతా వేసినవాళ్ల సగటు పక్కన యథాతథంగా పెట్టడం సరికాదు. ఈ మాట మారియట్ మీద ఎంతో అభిమానం ఉండి కూడా చెబుతున్నాను.

రెండో వైపు చూస్తే అది ఎంత కష్టమో తెలుస్తుంది. లెగ్ స్పిన్ మిగతా అన్ని బౌలింగ్‌ల కంటే లయ మీద ఎక్కువ ఆధారపడుతుంది. మణికట్టు ఒక్క క్షణం ముందు తిరిగితే నేల తాకకుండా వెళ్లే ఫుల్ టాస్, ఒక్క క్షణం ఆలస్యమైతే మరీ ముందే పడే లాంగ్ హాప్. నా శిష్యుల్లో పరీక్షల కోసం నెల రోజులు ఆపినవాడు తిరిగి లెంగ్త్ (బంతి సరైన చోట పడటం) దొరకబుచ్చుకోవడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో ఆ కుర్రాడికి ఉండే టెన్షన్ చూడలేం. మారియట్ ఏటా బడి నుంచి నేరుగా కౌంటీ మ్యాచ్‌లోకి దిగేవాడు. అయినా అతనికి పేరొచ్చింది లెంగ్త్ తప్పడనే. నా అంచనా ఏమిటంటే, డల్విచ్‌లో పిల్లలకి క్రికెట్ నేర్పేది అతనే కాబట్టి నెట్స్‌లో చెయ్యి ఆడుతూనే ఉండి ఉంటుంది. పిల్లవాడికి ఆరు బంతులూ ఒకే చోట వేసి చూపించాల్సిన మాస్టారికి లెంగ్త్ అలవాటు కాకుండా ఎలా ఉంటుంది?

కెంట్‌లో రెండో చివర నుంచి వేసేది ఎవరో చూడండి. టిచ్ ఫ్రీమన్, ప్రొఫెషనల్. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. 1928లో ఒకే సీజన్‌లో 304 వికెట్లు తీశాడు. ఆ రికార్డుని ఎవరూ దాటలేదు, ఇక దాటలేరు కూడా. కెరీర్ మొత్తం మీద 3,776 వికెట్లు. ఏడాదికి సుమారు 2000 ఓవర్లు వేసిన సీజన్లు ఉన్నాయి. వికెట్ల వెనక లెస్ ఏమ్స్. 1932లో ఏమ్స్ ఒకే సీజన్‌లో 64 స్టంపింగ్‌లు చేశాడు, అదీ ఇప్పటికీ రికార్డే. ఆగస్టు వచ్చేసరికి కెంట్ ప్రత్యర్థికి రెండు వైపుల నుంచీ లెగ్ స్పిన్, ముందుకొస్తే వెనక ఏమ్స్. బ్యాట్స్‌మన్‌కి ఒక చివర ఫ్రీమన్ ఫ్లైట్‌కి, అంటే గాలిలో బంతి వచ్చే తీరుకి, అలవాటు పడేలోపు ఇంకో చివర వేరే ఎత్తు నుంచి వచ్చే బంతి ఎదురయ్యేది. ఈ జోడీ గురించి జనం ఇంకా మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోవడం లేదు.

ఇప్పుడు 1933 ఓవల్ టెస్టుకి వద్దాం. వెస్టిండీస్‌తో మూడు టెస్టుల సిరీస్. లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. అక్కడ లెగ్ స్పిన్ వేసింది ఇంకో అమెచ్యూర్, మిడిల్‌సెక్స్ ఆటగాడు వాల్టర్ రాబిన్స్, మొదటి ఇన్నింగ్స్‌లో 32 పరుగులకి 6 వికెట్లు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో డ్రా. మూడో టెస్టు ఆగస్టు 12, శనివారం మొదలైంది. ఆ తేదీని గమనించండి. బడికి సెలవులు. మారియట్‌కి 38వ ఏడు నడుస్తోంది.

ఇంగ్లండ్ ముందు బ్యాటింగ్ చేసి 312 చేసింది, ఫ్రెడ్ బేక్‌వెల్ 107. మారియట్ సున్నాకి అవుట్, బ్యాటింగ్ రానివాడు కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. తర్వాత వెస్టిండీస్ 100కే ఆలౌట్. మారియట్ 12 ఓవర్లు కూడా పూర్తి చేయకుండా 37 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఫాలో ఆన్‌లో, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగి, 195, మారియట్ 59 పరుగులకి 6. ఇన్నింగ్స్ 17 పరుగుల తేడాతో ఇంగ్లండ్ గెలిచింది. వికెట్ల వెనక ఇక్కడా ఏమ్సే. కెంట్‌లో ఏళ్ల తరబడి అతని బౌలింగ్‌కి కీపింగ్ చేసినవాడే టెస్టులోనూ ఉండడం చిన్న సాయం కాదు. లెగ్ స్పిన్నర్ గూగ్లీని (లెగ్ బ్రేక్‌లా కనిపించి అటు కాకుండా ఇటు తిరిగే బంతిని) చేతిలో ఉండగానే పోల్చుకునే కీపర్ ఉంటే బౌలర్ ధైర్యంగా బంతిని ఇంకాస్త పైకి వదులుతాడు. అవతల ఉన్నది బలహీనమైన జట్టేమీ కాదు, జార్జ్ హెడ్లీ లాంటి గొప్ప బ్యాట్స్‌మన్ ఉన్న జట్టు.

ఇదే సీజన్‌లో ఫ్రీమన్ 298 వికెట్లు తీశాడు. అయినా అతన్ని పిలవలేదు. 1929 తర్వాత ఫ్రీమన్‌కి టెస్టు లేదు. కాళ్లు కదిపి ఆడే మంచి బ్యాట్స్‌మెన్ దగ్గర అతని బౌలింగ్ నిలవదన్నది సెలెక్టర్ల అభిప్రాయంగా చెబుతారు. కానీ అతను ఆడిన 12 టెస్టుల్లో 66 వికెట్లున్నాయి. నన్నడిగితే మారియట్‌కి ఒకే టెస్టు దక్కడం కంటే పెద్ద అన్యాయం ఫ్రీమన్‌కి జరిగింది. ఇలా అన్నంత మాత్రాన మారియట్ చేసింది చిన్నదైపోదు.

ఆ చలికాలంలోనే మారియట్ మన దేశం వచ్చాడు. డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో ఎంసీసీ జట్టు (అప్పట్లో ఇంగ్లండ్ జట్టు పర్యటనలకి ఆ పేరుతోనే వెళ్లేది) 1933-34లో భారత పర్యటన చేసింది. మన గడ్డ మీద మొదటి అధికారిక టెస్టు, బొంబాయి జింఖానాలో లాలా అమర్‌నాథ్ 118 కొట్టిన మ్యాచ్, ఆ పర్యటనలోదే. మన కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ. కలకత్తా టెస్టులో సి.కె. తమ్ముడు సి.ఎస్. నాయుడు టెస్టుల్లోకి వచ్చాడు, అతనూ లెగ్ స్పిన్నరే. ఆ పర్యటనలో జార్డిన్ జట్టు ఓడింది ఒక్క మ్యాచే. బెనారస్‌లో విజయనగరం మహారాజకుమార్ విజ్జీ జట్టు 14 పరుగుల తేడాతో ఓడించింది.

మారియట్ జట్టుతో ఉన్నా మూడు టెస్టుల్లో ఒక్కదానిలోనూ ఆడలేదు. కారణం వెరిటీ. ఎడమ చేతి స్పిన్నర్, యార్క్‌షైర్ ప్రొఫెషనల్, అప్పటికి మంచి వయసులో ఉన్నాడు. మద్రాస్ చేపాక్ టెస్టులో మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకి 7 వికెట్లు తీశాడు. అలాంటి బౌలర్ జట్టులో ఉంటే రెండో స్పిన్నర్‌కి బ్యాటింగ్ కూడా రావాలని కెప్టెన్ చూస్తాడు. మారియట్‌కి అక్కడే గండి పడింది. కెరీర్ మొత్తంలో అతని పరుగులు 574, సగటు 4.41. అంటే వికెట్లే పరుగుల కంటే ఎక్కువ.

1934 వేసవిలో ఆస్ట్రేలియా వచ్చింది. టెస్టులు ఎప్పుడెప్పుడో చూడండి: ట్రెంట్ బ్రిడ్జ్ జూన్ 8, లార్డ్స్ జూన్ 22, ఓల్డ్ ట్రాఫర్డ్ జూలై 6, హెడింగ్లీ జూలై 20, ఓవల్ ఆగస్టు 18. అయిదింటిలో నాలుగు బడి రోజుల్లో పడ్డాయి. పిలిస్తే బడివాళ్లు సెలవు ఇచ్చేవాళ్లేమో, కానీ సెలెక్టర్లు ఫామ్ చూసి పిలవాలంటే అంతకుముందు కౌంటీ మ్యాచ్‌లు ఆడి ఉండాలి కదా. మే, జూన్‌లలో ఆడనివాడికి జూన్ టెస్టులో చోటు ఎవరిస్తారు? పైగా లార్డ్స్‌లో వెరిటీ 15 వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించాడు. మిగిలింది ఓవల్ ఒక్కటే, ఏడాది క్రితం మారియట్ 11 వికెట్లు తీసిన మైదానం. అక్కడా పిలుపు రాలేదు. ఆ టెస్టులో ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 701 కొట్టింది, పాన్స్‌ఫర్డ్ 266, బ్రాడ్‌మన్ 244. మారియట్ ఉంటే ఆపేసేవాడని నేను అనను, ఆ ఇద్దరూ లెగ్ స్పిన్‌ని చిన్నప్పటి నుంచీ ఆడి పెరిగినవాళ్లు.

1935లో ఎల్బీడబ్ల్యూ (వికెట్లకి తగలాల్సిన బంతిని కాలితో అడ్డుకుంటే అవుట్) నిబంధనని ప్రయోగాత్మకంగా మార్చారు. అంతకుముందు బంతి వికెట్ల వరుసలో పడితేనే ఎల్బీ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికి వచ్చే బంతికి కూడా ఇవ్వొచ్చన్నారు. దీనివల్ల ఆఫ్ స్పిన్నర్లకీ ఇన్‌స్వింగ్ వేసేవాళ్లకీ కొత్త ఆయుధం దొరికింది. లెగ్ బ్రేక్ కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి లోపలి నుంచి బయటకి పోయే బంతి, దానికి ఒరిగిందేమీ లేదు. ఇంగ్లండ్‌లో లెగ్ స్పిన్ తగ్గిపోవడానికి ఇదొక్కటే కారణమని చెప్పను, కానీ కెప్టెన్ల మొగ్గు అటు తిరగడానికి ఇది బాగా తోడైంది. అప్పటికి మారియట్‌కి 40 నిండుతున్నాయి. 1936తో ఫ్రీమన్, 1937తో మారియట్ కెంట్‌కి ఆడటం మానేశారు, ఆ పని ఇంకో లెగ్ స్పిన్నర్ డగ్ రైట్ అందుకున్నాడు.

బడిలో మాత్రం మారియట్ పని సాగుతూనే ఉంది. తర్వాత ఇంగ్లండ్‌కి 61 టెస్టులు ఆడిన ట్రెవర్ బెయిలీ డల్విచ్‌లో అతని చేతి కింద ఆడిన కుర్రాడే. మారియట్ 1966లో పోయాడు. లెగ్ బ్రేక్ వేయడం మీద అతను రాసిన పుస్తకం రెండేళ్ల తర్వాత వచ్చింది. ఆటలో గొప్పవాళ్లు చాలామంది తాము చేసేది మాటల్లో చెప్పలేరు. రోజూ పిల్లలకి నేర్పిన మనిషికి అది వస్తుంది.

హిర్వాణీతో పోల్చవచ్చా అని కూడా ఎవరైనా అడగొచ్చు. నరేంద్ర హిర్వాణీ 1988 జనవరిలో చేపాక్‌లో, వెస్టిండీస్ మీదే, మొదటి టెస్టులో 136 పరుగులకి 16 వికెట్లు తీశాడు. ఇద్దరూ లెగ్ స్పిన్నర్లు కాబట్టి పోలిక బాగుంటుంది గానీ హిర్వాణీ అప్పటికి కుర్రాడు, ముందు కెరీర్ అంతా ఉంది. మారియట్‌కి సరైన జోడీ కావాలంటే 1890లో ఇదే ఓవల్‌లో మొదటి టెస్టు ఆడి, ఆస్ట్రేలియా మీద 102 పరుగులకి 12 వికెట్లు తీసిన ఫ్రెడ్ మార్టిన్‌ని చూడండి. అతనూ కెంట్ వాడే, కాకపోతే ప్రొఫెషనల్.

ఇక ఇలాంటి అమెచ్యూర్ బౌలర్లు ఇంకెవరంటే, ఉన్నారు. ఎసెక్స్ ఫాస్ట్ బౌలర్ హాపర్ రీడ్‌ది దాదాపు ఇదే కథ. 1935లో హడర్స్‌ఫీల్డ్‌లో యార్క్‌షైర్ 31కే ఆలౌటైతే 11 పరుగులకి 6 వికెట్లు అతనివి. అదే ఆగస్టులో ఓవల్‌లో ఏకైక టెస్టు, 6 వికెట్లు. తర్వాత అకౌంటెంట్ ఉద్యోగంలోకి వెళ్లిపోయాడు. అతని జట్టులోనే ఉన్న కెన్ ఫార్న్స్ వర్క్‌సాప్ కాలేజీలో టీచర్, ఆరడుగుల అయిదంగుళాల మనిషి. 1934లో మొదటి టెస్టులోనే ఆస్ట్రేలియా మీద 10 వికెట్లు తీశాడు. మొత్తం 15 టెస్టుల్లో 60 వికెట్లు. 1941లో వాయుసేన శిక్షణలో రాత్రి పూట విమానం కూలి 30 ఏళ్లకే పోయాడు. మిడిల్‌సెక్స్‌కి ఆడిన గబ్బీ ఆలెన్ 1929లో ఉద్యోగం పని చూసుకుని లార్డ్స్‌కి ఆలస్యంగా వచ్చి, లాంకషైర్ మీద 40 పరుగులకి 10 వికెట్లూ తనే తీశాడు.

నేను పైన చెప్పిన సెలవుల లెక్కకి పూర్తిగా ఎదురు నిలిచేది సోమర్‌సెట్ జాక్ వైట్. వ్యవసాయదారుడు, ఎడమ చేతి స్లో బౌలర్, ప్రొఫెషనల్స్‌తో సమానంగా సీజన్ అంతా వేసిన అమెచ్యూర్, 2,355 వికెట్లు. 1929 ఫిబ్రవరిలో అడిలైడ్ టెస్టులో 37 ఏళ్ల వయసులో, ఆ ఎండలో 124.5 ఓవర్లు వేసి 13 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 12 పరుగులతో గెలిచింది. ఆ స్పెల్‌ల గురించి రాయాల్సింది చాలా ఉంది, ఆసక్తి ఉంటే విడిగా అడగండి.